నడుం పట్టేస్తే పడుకోవాలా, తిరగాలా? పర్లాకిమిడి నుంచి ఒక ప్రశ్న

జిరాక్స్‌షాపు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. పన్నెండు రోజులుగా మంచం మీదే ఉన్నాను. పడుకునే ఒక వేలితో టైపు చేస్తున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

నాకు 38. జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాలు నింపే షాపు. పొద్దున తొమ్మిదికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే అన్నానికి లేవడం, మళ్ళీ రాత్రి తొమ్మిది దాకా అదే కుర్చీ. ఆవేళ గ్యాస్ సిలిండర్ వచ్చింది. ఎప్పుడూ వంటింటి దాకా దొర్లించుకునే పోతాను, ఆరోజు వెనకాల కస్టమర్ ఫోను మీద ఫోను చేస్తున్నాడని గబుక్కున ఎత్తేశాను. నడుం దగ్గర కలుక్కుమంది. అంతే, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. మా ఆవిడ, పక్కింటి కుర్రాడు చెరో చెయ్యి పట్టి మంచం ఎక్కించారు.

ఆటోలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, స్కాన్ తీయించారు. నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 పూసల మధ్య ఉండే మెత్త, అదే డిస్క్, ఉబ్బిందట. నెల రోజులు మంచం దిగొద్దు, ఇక జన్మలో బరువు ఎత్తొద్దు అన్నారు. నడుం బెల్టు ఒకటి ఇచ్చారు, పడుకున్నా అది కట్టుకునే ఉంటున్నాను. మా అత్తగారు ఊరుకోక, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నితే పట్టు వదులుతుందని ఒకాయన్ని వెతికి తెచ్చారు. అబద్ధం ఎందుకు, మూడు తన్నులు తన్నించుకున్నాను కూడా. ఆయన టీ తాగి వెళ్ళాడు, నా నొప్పి మాత్రం వెళ్ళలేదు.

ఇప్పుడు నా బాధ ఏమిటంటే మొదటి మూడు రోజుల కంటే ఇప్పుడే ఒళ్ళు ఎక్కువ బిగుసుకుపోయింది. బాత్రూముకి వెళ్తుంటే కాళ్ళు తేలిపోతున్నాయి. షాపు మూతపడింది, కాలేజీ అడ్మిషన్ల సీజన్ అంతా పక్క షాపువాడికి పోతోంది. ఇంకా పద్దెనిమిది రోజులు ఇలాగే పడుకోవాలా? ఎవరికైనా ఇలా అయిందా?

ఘాట్‌రోడ్డు (కోరాపుట్)

అయిందా అని అడుగుతున్నావేంటి తమ్ముడూ, బండి నడిపేవాళ్ళలో కానివాడు ఎవడు. ముందు ఆ పడక మానెయ్. తర్వాత వివరంగా రాస్తా, లోడు దిగుతోంది.

మాస్టారు (గుణుపురం)

తొందరపడకు బాబూ. నాకు 1989లో ఇలాగే పట్టేస్తే మూడు వారాలు చెక్కబల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళకి బరువులు వేలాడదీశారు. లేచాను, ముప్ఫై అయిదేళ్ళుగా బాగానే ఉన్నాను. డాక్టరు చెప్పాక మళ్ళీ పదిమందిని అడగడం ఎందుకు? ఈ తరానికి ఓపిక లేదు.

రాయగడ‌ఫిజియో

జిరాక్స్‌షాపు గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. ఏదైనా చెప్పేముందు నాలుగు ప్రశ్నలు. సిగ్గుపడకుండా జవాబివ్వండి.

మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, విరోచనం మీద పట్టు లేకపోవడం ఉందా? సైకిల్ సీటు తగిలే చోట, అంటే తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరి ఉందా? కాలు బరువెక్కి పాదం ఈడుస్తున్నారా, మడమ మీద, మునివేళ్ళ మీద నిలబడలేకపోతున్నారా? జ్వరం, రాత్రుళ్ళు చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ లాంటివి ఉన్నాయా?

మొదటి మూడిట్లో దేనికైనా అవును అంటే ఈ చర్చ ఆపేసి ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి, గంటలు కూడా లెక్కే. నాలుగోదైతే ఒకట్రెండు రోజుల్లో డాక్టరుకి చూపించుకోవాలి.

జిరాక్స్‌షాపు (పర్లాకిమిడి)

ఏవీ లేవండి. ఇప్పుడే గోడ పట్టుకుని లేచి మడమల మీద నిలబడి చూశాను, నిలబడగలిగాను. నొప్పి నడుంలోనే, కుడి పిర్ర దాకా వస్తుంది, మోకాలు దాటదు. కానీ లేచేటప్పుడు ఆ డిస్కు ఇంకా బయటికి జారిపోతుందేమో అని గుండె దడదడలాడుతోంది. ఒకరకంగా నొప్పి కంటే ఆ టెన్షనే ఎక్కువ.

రాయగడ‌ఫిజియో

సరే, అయితే కొంచెం పెద్దగా రాస్తాను.

ముందు స్కాన్ సంగతి. డిస్క్ ఉబ్బింది అనగానే ఏదో ఊడిపోయినట్టు భయపడతారు. 1994లో అమెరికాలో, నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగం కంటే ఎక్కువ మందికి ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బే ఉంది. తర్వాత ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క కట్టారు, నొప్పి లేని నలభై ఏళ్ళవాళ్ళలో కూడా సగం మందికి ఉబ్బు కనిపిస్తుంది. తల నెరిసినట్టే ఇదీ. మీది నొప్పికి కారణం కావచ్చు, కాకపోవచ్చు. నిజంగా జారిన డిస్కులు కూడా చాలావరకు నెలల్లో వాటంతటవే కుంచించుకుపోతాయి.

ఇక పడక. మాస్టారుగారూ, మిమ్మల్ని కాదనడం కాదు, అప్పట్లో అందరూ అదే చెప్పేవారు. కానీ 1986లోనే అమెరికాలో 203 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి రెండు రోజుల రెస్టు, ఇంకొకరికి ఏడు రోజుల రెస్టు రాశారు. రెండు రోజులవాళ్ళు పనికి సెలవు పెట్టిన రోజులు 45 శాతం తక్కువ, నొప్పి తగ్గడంలో మాత్రం తేడా లేదు. 1995లో హెల్సింకి నగరపాలక ఉద్యోగుల మీద ఇంకోటి చేశారు. ఒక గుంపుకి పడక, ఒక గుంపుకి వెనక్కి, పక్కలకి వంగే వ్యాయామాలు, మూడో గుంపుకి "ఓర్చుకోగలిగినంత మేరకు మీ రోజువారీ పనులు చేసుకోండి" అని మాత్రమే చెప్పారు. త్వరగా కోలుకున్నది ఆ మూడో గుంపే, వెనకబడింది పడక గుంపు. కాళ్ళకి బరువులు కట్టి లాగడం, నడుం బెల్టు, ఈ రెండూ దీర్ఘకాలిక నడుం నొప్పికి మామూలుగా వాడొద్దని 2023 డిసెంబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీరు మూడు వారాల్లో లేచారు అన్నారు, చాలా నడుం నొప్పులు నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. బల్ల లేకపోయినా లేచేవారేమో అని నా అనుమానం.

పడుకుంటే ఎందుకు బిగుసుకుపోతుందంటే, పెద్దవాళ్ళ డిస్కుల్లో రక్తనాళాలు దాదాపు ఉండవు. నడిచినప్పుడు బరువు పడి, వదిలి, పడి, వదిలి, స్పాంజి పీల్చుకున్నట్టు పోషకాలు అందుతాయి. పడుకుంటే ఆ పని మందగిస్తుంది, వారం తిరక్కుండానే కండరాల బలం కూడా తగ్గడం మొదలవుతుంది. మీ కాళ్ళు తేలిపోవడం అదే.

ఈ రోజు చేయాల్సింది: పక్కకి తిరిగి, కాళ్ళు మంచం కిందికి వేసి, చేత్తో నెట్టుకుంటూ లేవండి. ఇంట్లోనే అయిదు నిమిషాలు నడవండి, గంటన్నరకోసారి. మధ్యలో పడుకోవాలనిపిస్తే వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టుకోండి, పావుగంట చాలు. వేడి నీళ్ళ సంచి హాయిగా ఉంటే పెట్టుకోండి. నొప్పి మాత్ర డాక్టరు చెప్పిందే వేసుకోండి, బీపీ, కిడ్నీ, అల్సర్ ఉంటే అడక్కుండా వేసుకోవద్దు. నడిచినప్పుడు నొప్పి కాస్త పెరిగినా పొద్దుటికి మామూలైతే అది ప్రమాదం కాదు. నొప్పి కాల్లోకి, ఇంకా కిందికి పాకుతుంటే తగ్గించి నాకు చెప్పండి. బెల్టు నాలుగు రోజుల్లో మెల్లగా వదిలించుకోండి. మీ డాక్టరుని కూడా ఒకసారి అడగండి, నేను మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను.

మాస్టారు (గుణుపురం)

లెక్కలు చెప్పాక నేనేమంటాను. అయినా ఆ బల్ల మీద మూడు వారాలు పడుకున్నది నేను, నా అనుభవం అబద్ధం అంటే మనసు ఒప్పుకోదు కదా.

గుంటమగ్గం (బరంపురం)

మాస్టారూ మీ అనుభవం నిజమే, మీరు పడ్డ బాధా నిజమే.

నా సంగతి రాస్తాను. మాది పట్టు నేత, నాలుగు తరాలుగా. గుంట మగ్గం ఎప్పుడైనా చూశారా? నేలలో గొయ్యి, అందులో కాళ్ళు, గట్టు మీద పిర్రలు. కాళ్ళు కింద పలకలు తొక్కుతూనే ఉంటాయి, ఒక చెయ్యి పోగు అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెకి, ఇంకో చెయ్యి ఆ పోగుని దగ్గరికి కొట్టే పలకమానుకి, నడుం మాత్రం ముందుకి వాలి అలాగే ఉంటుంది. ఫోడా కుంభం అనే అంచు డిజైను చీర నేసేటప్పుడు ఇంకా కళ్ళు దగ్గరపెట్టి మరీ వంగాలి. చూసేవాళ్ళు కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి కదా, వ్యాయామమే అనుకుంటారు. ఆడాల్సింది మాత్రం ఆడదు.

నాకు 42వ ఏట పట్టేసింది. మొదటిసారి పది రోజులు పడుకున్నాను, తగ్గింది. ఆరు నెలలకి మళ్ళీ. మూడోసారి వచ్చినప్పుడు ఇక పడుకోవడానికి డబ్బుల్లేవు, చీర ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. అరగంట నేయడం, లేవడం, వాకిట్లో తిరగడం, మళ్ళీ కూర్చోవడం. చిత్రంగా ఆసారే తొందరగా తగ్గింది.

అప్పటి నుంచి ఒక పని చేశాను. ఇంతకుముందు మా ఆవిడ దారం కండెలు చుట్టి బుట్ట నా మోకాలి పక్కనే పెట్టేది, లేవకుండా చెయ్యి చాపితే అందేది. ఇప్పుడు ఆ బుట్ట వీధి గుమ్మం పక్కన గూట్లో ఉంటుంది. చేతికి మూడు కండెలే తెచ్చుకుంటాను. అయిపోతే గుంటలోంచి లేవాలి, నాలుగడుగులు వెయ్యాలి, తీసుకోవాలి, రెండు చేతులూ నడుం మీద పెట్టి ఒకసారి వెనక్కి విరుచుకోవాలి, మళ్ళీ దిగాలి. రోజుకి ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. మొదట్లో పని పోతోందని గింజుకున్నాను, నెల తిరిగి చూసుకుంటే గజాలు తగ్గలేదు. సాయంత్రం రామలింగం చెరువు చుట్టూ నడక. అలారాలు, యాప్‌లు నాకు కుదర్లేదు, బుట్ట దూరంగా పెట్టడమే కుదిరింది.

జిరాక్స్‌షాపు తమ్ముడూ, నీ షాపులో ప్రింటర్ ఎక్కడుంది?

జిరాక్స్‌షాపు (పర్లాకిమిడి)

కుర్చీలోంచి లేవకుండా అందేలా పెట్టుకున్నాను అన్నా. పేపర్ రిమ్ములు, స్టేప్లర్, క్యాష్ డబ్బా అన్నీ చేతికందేలా. అదే తెలివి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అప్పడాల‌పిన్ని (బరంపురం)

నాదొక సందేహం. పడుకోవద్దు, తిరగండి అంటున్నారు సరే. నేను పొద్దున నాలుగున్నరకి లేచిన దగ్గర్నుంచి తిరుగుతూనే ఉన్నాను. ఊడవడం, వంట, మావగారికి పథ్యం, ఆ తర్వాత నేల మీద బాసింపట్టు వేసుకుని పీట ముందు వంగి అప్పడాలు వత్తడం. మినప్పిండి ముద్ద రాయిలా ఉంటుంది, దాన్ని రోకలితో దంచి మెత్తబరిస్తేగాని వత్తలేం. మరి నాకెందుకు పదేళ్ళుగా అంటా బింధా? (నడుం నొప్పిని మా పనివాళ్ళందరూ ఒడియాలో ఇలాగే అంటారు, నాకూ అదే అలవాటు.) పైగా తమ్ముడికి నెల రెస్టు రాశారు, నాకు ఎవ్వరూ ఒక పూట కూడా రాయలేదు. ఇప్పుడు చదువుతుంటే అదే మేలు చేసిందేమో అనిపిస్తోంది.

రాయగడ‌ఫిజియో

పిన్నిగారూ, మంచి ప్రశ్న. పని వేరు, కదలిక వేరు. మీరు రోజంతా కష్టపడుతున్నారు, కానీ ఎక్కువసేపు ముందుకి వంగే. ఊడ్చేటప్పుడు ముందుకి, దంచేటప్పుడు ముందుకి, వత్తేటప్పుడు ముందుకి. గుంటమగ్గం అన్నకీ మీకూ తేడా లేదు. నడుముకి ఫలానా భంగిమ విషం అని లేదు, ఒకే భంగిమలో గంటలు గడిపితేనే గొడవ. పీటని ఎత్తు బల్ల మీద పెట్టి కొన్ని నిలబడి వత్తండి, కొన్ని కూర్చుని. పొడుగు కర్ర చీపురు వాడండి. ఇరవై ముప్ఫై అప్పడాలకోసారి లేచి ఆరబెట్టిరండి, మొత్తం అయ్యాక ఒకేసారి వద్దు.

ఇంకోటి, ఇంటిపని ఎంత చేసినా నడుం, పిర్రల కండరాలు బలపడతాయని నమ్మకం లేదు. అందుకు ఈ మూడూ చేయండి: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు పైకెత్తి అయిదు లెక్కపెట్టి దించడం, చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురు చెయ్యీ కాలూ చాపడం, కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం. ఒక్కోటి ఎనిమిదిసార్లు, రోజు విడిచి రోజు, తేలికైతే పెంచండి. మీకు నలభై దాటిందా? ఎముకల బలం కూడా ఒకసారి చూపించుకోండి.

ఘాట్‌రోడ్డు (కోరాపుట్)

లోడు దిగింది, టీ కూడా అయింది.

నేను సాలూరు నుంచి కోరాపుట్ పైకి బండి ఎక్కించేవాణ్ణి. సుంకి ఘాట్‌లో మలుపు మలుపుకీ స్టీరింగు, క్లచ్చు, బ్రేకు, కింద ఇంజను వణుకు నేరుగా వెన్నులోకి. వాంతులు ప్యాసింజర్లకి, నడుం నొప్పి మాకు. నాకు ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగేది. సీటు మార్పించా, మెత్త వేశా, పూసలది వేశా, ఏటీ పనిచెయ్యలేదు. ఒకాయన అడిగాడు, పర్సు ఎక్కడ పెట్టుకుంటావని. వెనక జేబులో, కాగితాలూ లైసెన్సూ చిల్లరా కలిపి ఇటుక అంత ఉండేది, పదిహేనేళ్ళు దాని మీదే వంకరగా కూర్చున్నా! తీసి డాష్‌బోర్డులో పడేశా. అదొక్కటే మందు అనను గానీ కాల్లో లాగడం సగం తగ్గింది.

మిగతా సగానికి, గంటన్నరకోసారి బండి ఆపి టైర్లు తన్ని చూస్తా. టైర్లకి అవసరం లేదు, నాకే అవసరం. దిగగానే వెంటనే బస్తా ఎత్తను, అది కూడా నేర్చుకున్నా. కూర్చుని కూర్చుని లేచిన నడుంతో బరువు ఎత్తితే ఆరోజు అయిపోయినట్టే. అయిదు నిమిషాలు తిరిగి అప్పుడు లోడు దగ్గరికెళ్తా. నీ సిలిండర్ కథ కూడా అదే తమ్ముడూ, పొద్దుట్నుంచి కుర్చీలో ఉండి లేచి ఎత్తావు.

కాశీనగర్‌అక్క

ఇదంతా చదివి నడిస్తే అన్నీ తగ్గుతాయి అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. మా తమ్ముడికి 26 ఏళ్ళు. నడుం నొప్పి అంటే అందరం కుర్రాడివి, లేచి తిరుగు అన్నాం. మూడు నెలలు గడిచాయి. రాత్రిళ్ళు ఎక్కువయ్యేది, పడుకున్నా తగ్గేది కాదు. సాయంత్రం అయితే ఒళ్ళు వెచ్చగా ఉండేది, ప్యాంట్లు వదులయ్యాయి. ఒక చోట చూపిస్తే కండరాల నొప్పి అని పంపేశారు. వీపు మధ్యలో ఒక పూస ఉబ్బినట్టు మా అమ్మ చేతికి తగిలింది, స్నానం చేయిస్తుంటే. అప్పుడు తీసుకెళ్తే వెన్నెముక టీబీ. మందులు ఏడాదికి పైనే వాడాడు, ఇప్పుడు బాగున్నాడు, కానీ ఇంకొన్నాళ్ళు ఆగితే కాళ్ళు పడిపోయేవని చెప్పారు.

ఫిజియోగారు మొదటే ఆ ప్రశ్నలు అడగడం చూసి ప్రాణం లేచొచ్చింది. దయచేసి వాటిని ఎవరూ దాటేసి చదవొద్దు.

రాయగడ‌ఫిజియో

అక్కా, రాసినందుకు చాలా థాంక్స్. మన దగ్గర టీబీని మరిచిపోకూడదు. పడుకున్నా తగ్గని నొప్పి, రాత్రి లేపేసే నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు, నడక తర్వాత.

జిరాక్స్‌షాపు (పర్లాకిమిడి) (తొమ్మిది రోజుల తర్వాత)

అప్‌డేట్. డాక్టరుని మళ్ళీ అడిగితే "సరే, ఓర్చుకోగలిగితే తిరుగు" అన్నారు, అంత తేలిగ్గా! మొదటి రోజు వరండా ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడానికి చెమటలు పట్టాయి. మూడో రోజు వీధి చివర పాలబూత్ దాకా. బెల్టు తీసిన రోజు గుడ్డలు లేకుండా తిరుగుతున్నట్టు అనిపించింది, రెండు రోజులకి అలవాటైంది. నిన్న షాపు తెరిచాను, సగం పూట. ప్రింటర్ని అవతలి గోడకి మార్చేశాను, క్యాష్ డబ్బా ఇంకో మూల. కస్టమర్లు విసుక్కుంటున్నారు, ఇటు అటు తిరుగుతావేంటయ్యా అని. మా అత్తగారు మాత్రం ఆ మూడు తన్నులే పనిచేశాయి అంటున్నారు.

గుంటమగ్గం (బరంపురం)

అననీ తమ్ముడూ, తన్నులు వాళ్ళకి, నడక నీకు 😀

జిరాక్స్‌షాపు (పర్లాకిమిడి) (ఇంకో నెలకి)

మళ్ళీ వచ్చిందండీ. బాగా తగ్గిపోయింది కదా అని పెళ్ళికి బస్సులో బరంపురం వెళ్ళొచ్చాను, వెనక సీటు దొరికింది. తిరిగొచ్చేసరికి నడుం కర్రలా అయింది. మొత్తం మొదటికి వచ్చేసిందా అని రాత్రంతా నిద్ర లేదు.

రాయగడ‌ఫిజియో

మొదటికి రాలేదు. నడుం నొప్పి ఒకసారి వచ్చినవాళ్ళలో చాలామందికి ఏడాదిలోపు మళ్ళీ పలకరిస్తుంది, అది మీ తప్పు కాదు. రెండు మూడు రోజులు నడక సగానికి తగ్గించండి, ఆపొద్దు.

మళ్ళీ రాకుండా నడక పనికొస్తుందా అంటే, ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. అందరూ అప్పుడే నడుం నొప్పి నుంచి కోలుకున్నవాళ్ళు. ఒక గుంపుకి ఫిజియో సలహాతో మెల్లగా పెంచుకుంటూ ఆరు నెలల్లో రోజుకి అరగంట, వారానికి అయిదు రోజుల నడక దాకా తీసుకొచ్చారు. పని ఆగిపోయేంత నొప్పి మళ్ళీ రావడానికి వాళ్ళకి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నడక కార్యక్రమం లేనివాళ్ళకి 112 రోజులు. అసలు రాదని కాదు, దూరం జరిగింది. ఖర్చు చెప్పులదే.

జిరాక్స్‌షాపు (పర్లాకిమిడి) (మూడు వారాల తర్వాత)

బస్సు దెబ్బ నాలుగు రోజుల్లో సర్దుకుంది. ఇప్పుడు పొద్దున్నే నడక. నిన్న శుక్రవారం కదా, నడుచుకుంటూ పాతపట్నం నీలమణి దుర్గ అమ్మవారి గుడి దాకా వెళ్ళాను. ఒడిశా దాటి ఆంధ్రాకి వెళ్ళాను అని మా ఆవిడకి ఫోన్ చేశాను, వచ్చేటప్పుడు మాత్రం ఆటో. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ సగం నింపి, ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్ళు వంచి ఎత్తడం ఫిజియోగారు నేర్పినట్టు చేస్తున్నాను. వచ్చే నెల ముప్పావు. సిలిండర్ మాత్రం ఇప్పటికి దొర్లిస్తూనే ఉన్నాను, అందులో గ్యాస్ 14.2 కిలోలే గానీ బండతో కలిపి ముప్ఫై దాకా ఉంటుంది, దానికి ఇంకా టైముంది.

మాస్టారు (గుణుపురం)

శుభం బాబూ. ఈ చర్చ చదివాక నేనూ సాయంత్రం స్టేషన్ దాకా నడుస్తున్నాను. బల్ల సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

అప్పడాల‌పిన్ని (బరంపురం)

పీట బల్ల ఎక్కింది. నిలబడి వత్తుతుంటే మా కోడలు కూడా పక్కన చేరింది, నేల మీదైతే వచ్చేది కాదు. నడుం పర్వాలేదు గానీ ఫిజియో బాబూ, ఇప్పుడు మోకాళ్ళు లాగుతున్నాయి, ఏం చెయ్యను?

రాయగడ‌ఫిజియో

మోకాళ్ళకి వేరే చర్చ మొదలుపెట్టండి పిన్నిగారూ, అక్కడికి వస్తాను.